సందేహాలు – సమాధానాలు: తిరిగివచ్చిన మిషనరీ కూడా స్తోత్రం చెప్పాలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా విదేశాల్లో సేవ చేస్తున్నవాళ్లవి, చేసి తిరిగివచ్చినవాళ్లవి. మన తెలుగు సంఘాలకు ఈ పని కొత్తదేం కాదు. నాటాల్ తోటల్లోకి కూలికి వెళ్లిన తెలుగువాళ్ల మధ్య సేవ చేయడానికి మన బాప్టిస్టు సంఘాలు జాన్ రంగయ్యగారిని 1903లోనే దక్షిణాఫ్రికాకు పంపాయి. పంపడం మనకు బాగా వచ్చు. దండలు వేస్తాం, చేతులుంచి ప్రార్థిస్తాం, స్టేషన్ దాకా వెళ్లి పాటలు పాడతాం. పంపినవాళ్లకు అక్కడ పని సాగకపోతే ఏం చేయాలో మాత్రం మనకింకా తెలియదు. రాసినవాళ్ల పేర్లు, కొన్నిచోట్ల దేశాల పేర్లు కూడా, వాళ్ల క్షేమం కోసం తీసేశాను.

*

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మావారు, నేను, ఇద్దరు పిల్లలు తూర్పు ఆఫ్రికాలో ఒక దేశానికి సేవకు వెళ్లాం. నా గాజులు అమ్మి అక్కడ ఇల్లు సర్దుకున్నాం. రెండో ఏడు చిన్నవాడికి మలేరియా వచ్చి ప్రాణం మీదికి తెచ్చింది. వాడు కోలుకునేసరికి వర్క్ పర్మిట్ రెన్యువల్ చేయలేదు. ఉన్నపళంగా వచ్చేశాం. ఇప్పుడు అద్దె ఇంట్లో ఉంటున్నాం. ఆరాధన అయ్యాక అక్కలు పలకరించి, "దేవుని చిత్తం కాదేమోలే" అంటారు. పాస్టర్‌గారు సాక్ష్యం చెప్పమని పట్టుబడుతుంటే మావారు గుడికి రావడమే మానేశారు. అన్నిటిలోనూ దేవునికి కృతజ్ఞత చెప్పాలని వాక్యంలో ఉంది కదా. మాకు నోరు రావడం లేదు. ఇది అవిశ్వాసమా?
— ఒక సహోదరి, గుంటూరు

జవాబు: కాదమ్మా. లేని సంతోషాన్ని మైకు ముందు నటించడం కన్నా కొన్నాళ్లు ఇంట్లో కూర్చోవడమే నయం. మీవారిని ఆ విషయంలో నేను తప్పుపట్టను.

మీరు చెప్పిన వాక్యం థెస్సలొనీకయులకు పౌలు రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో ఉంది. అదే పత్రికలో 2వ అధ్యాయం చివర చూడండి. వాళ్ల దగ్గరికి రావాలని పౌలు ఒకటికి రెండుసార్లు ప్రయత్నించాడు, కుదరలేదు. ఆ అడ్డంకికి ఆయన స్తోత్రం చెప్పలేదు. సాతాను అడ్డుకున్నాడని సూటిగా రాశాడు. 3వ అధ్యాయానికి వచ్చేసరికి ఇక ఓర్చుకోలేకపోయానని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత తిమోతి అక్కడినుంచి మంచి కబురు తెచ్చాక, ఆ విశ్వాసులను బట్టి దేవునికి కృతజ్ఞత చెప్పాడు. వరుస గమనించారా? జరిగిన నష్టాన్ని నష్టమనే అన్నాడు. కృతజ్ఞతకు కారణం దొరికినచోట కృతజ్ఞత చెప్పాడు. 5వ అధ్యాయంలోని ఆజ్ఞ ఇచ్చింది ఈ మనిషే.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పద్నాలుగు రోజులుగా తుపాను. ఓడలో 276 మంది, ఎవరికీ తిండి లేదు. పౌలు రొట్టె పట్టుకుని అందరి ముందూ దేవునికి కృతజ్ఞత చెప్పి, విరిచి తిన్నాడు. రొట్టె కోసం చెప్పాడు, తుపాను కోసం కాదు. అంతకుముందే, "నా మాట విని క్రేతు నుంచి బయల్దేరకుండా ఉండాల్సింది" అని వాళ్లకు గుర్తు కూడా చేశాడు. తప్పుడు నిర్ణయాన్ని దేవుని చిత్తం అని కప్పిపుచ్చలేదు. స్తోత్రం చెప్పినందుకు ఓడ నిలవలేదు కూడా. తెల్లవారాక పగిలిపోయింది. ప్రాణాలు మాత్రం మిగిలాయి.

బర్మాలో సేవ చేసిన అడోనిరాం జడ్సన్ పేరు మీరు వినే ఉంటారు. మన కన్వెన్షన్లలో ఆయన కథ ఒకే తీరుగా చెబుతారు: 1813లో రంగూన్ చేరాడు, 1824లో యుద్ధం వస్తే ఆవాలో జైల్లో వేశారు, సంకెళ్లతో ఏడాదిన్నర గడిపాడు, 1834లో బర్మా భాషలో బైబిలు అనువాదం ముగించాడు. మధ్యలో ఉన్న కొన్ని సంవత్సరాలను దాటేస్తారు. జైలు నుంచి వచ్చిన ఏడాదిలోపే, 1826 అక్టోబరులో, ఆయన ఊళ్లో లేని సమయంలో భార్య ఆన్ చనిపోయింది. ఆరు నెలలకు పసిపాప మరియ పోయింది. ఆయన మనసు విరిగిపోయింది. అడవిలో గుడిసె వేసుకుని ఒంటరిగా ఉన్నాడు. తన సమాధి తానే తవ్వుకుని దాని పక్కన కూర్చునేవాడు. దేవుణ్ణి నమ్ముతున్నాను గానీ ఆయన నాకు కనబడడం లేదన్న అర్థంలో ఉత్తరం రాశాడు. ఆ రోజుల్లో ఆయనను ఎవరైనా వేదిక ఎక్కించి సాక్ష్యం చెప్పమంటే ఏం చెప్పగలడు? ఆ సంవత్సరాలు గడిచాక మళ్లీ అనువాదానికి కూర్చున్నది ఆ మనిషే. గుడిసెలో ఉన్నంతకాలం ఆయన అవిశ్వాసి, బయటికి వచ్చాక విశ్వాసి అని నేను అనలేను.

ఇక మీరు చేయగలిగిన పనులు. హబక్కూకు 3వ అధ్యాయం ఇద్దరూ కలిసి చదవండి. ఆ ప్రవక్త ఆనందిస్తానని చెప్పకముందు చెట్లు, పొలం, మంద, ఏమేం పోయాయో పేరుపేరునా లెక్కపెట్టాడు. మీరూ ఒక నోట్‌బుక్ తీసి పోయినవి రాయండి. గాజులు, అక్కడి ఇల్లు, పిల్లల బడి, మీ దగ్గర పాటలు నేర్చుకున్న ఆడవాళ్లు. దాచకుండా రాయండి. దేవునికి కృతజ్ఞత చెప్పాలనిపించే సంగతులు తోచిన రోజున వాటిని వేరే పేజీలో రాసుకోండి. రెండో పేజీ ఈ నెలలో ఖాళీగా ఉంటే ఉండనివ్వండి. బాబు బతికాడు, అది మొదటి వరుసగా రాసుకోవచ్చేమో చూడండి. అదొక్కటి మీకు నిజంగా తోస్తే చాలు.

మీవారికి వారాల తరబడి నిద్రపట్టకపోయినా, తిండి సహించకపోయినా, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోయినా డాక్టరుకు చూపించండి. డిప్రెషన్‌కు మందులు ఉన్నాయి, ప్రార్థన ఉంది, రెండూ కావాలి. బాబుకు ఇకమీదట జ్వరం వస్తే, మలేరియా ఉన్న దేశం నుంచి వచ్చామని డాక్టరుకు చెప్పి వెంటనే రక్తపరీక్ష చేయించండి. నెలల తర్వాత తిరగబెట్టే రకాలున్నాయి.

పలకరించే అక్కలకు మర్యాదగా ఒక్క మాట చెప్పండి: మా పిలుపు నిజమో కాదో పర్మిట్ ఆఫీసువాళ్లు తేల్చరని.

*

ప్రశ్న: వందనాలు అన్నయ్యగారూ. నేను ఒక పర్వతప్రాంత దేశంలో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. బాప్తిస్మాలు ఒక్కటీ లేవు. వస్తూ వస్తూ ఉన్న రెండు కుటుంబాలు కూడా బంధువుల ఒత్తిడికి మానేశాయి. పంపిన సంఘం ప్రతి మూడు నెలలకూ రిపోర్టు, ఫోటోలు అడుగుతోంది. పక్క సంఘం మిషనరీ వందల లెక్క పంపుతున్నాడట. నేను ఏం రాయాలి? దేనికి స్తోత్రం చెప్పాలి?
— ఒక మిషనరీ

జవాబు: తమ్ముడూ, ముందు ఫోటోల సంగతి. పంపకండి. నేపాల్‌నే తీసుకోండి. అక్కడ 2018 ఆగస్టులో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, మతం మార్పించినట్టు రుజువైతే 5 ఏళ్ల వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా. విదేశీయుడైతే శిక్ష అయ్యాక దేశం నుంచి పంపేస్తారు. ఇలాంటి చట్టం ఉన్నచోట ఒక బాప్తిస్మం ఫోటో మన సంఘం వాట్సాప్ గ్రూపులో తిరిగి, అక్కడినుంచి ఫేస్‌బుక్కుకు ఎక్కిందనుకోండి. మీరు విమానం ఎక్కి ఇంటికి వచ్చేస్తారు. తడిబట్టలతో ఆ ఫోటోలో నిలబడ్డ మనిషి ఎక్కడికి వెళ్తాడు? ఈ మాట నేనన్నానని మీ కమిటీకి చెప్పండి, ఈ పేజీ చూపించండి.

రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాయండి. భాష ఎంతవరకు వచ్చింది, ఎన్ని ఇళ్లలో మీకు టీ ఇస్తారు, ఎవరు మానేశారు, ఎందుకు మానేశారు. పక్క మిషనరీ లెక్క గురించి ఒక్క మాట కూడా రాయకండి. ఆ వందల్లో ఎంతమంది రెండో ఏడు కూడా ఉన్నారన్నది ఆయన చూసుకోవాల్సిన సంగతి.

ఫలితం కనబడని ఏళ్ల సంగతికి వస్తే, ఒక పాత కథ ఉంది. అది నెల్లూరు దగ్గర జరిగిన కథ కాబట్టి మనవాళ్లకు బాగా తెలుసనుకుంటాం, కానీ పూర్తిగా చెప్పుకోం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో విశాఖపట్నంలో దిగాడు. శ్రీకాకుళం, మద్రాసు తిరిగి 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్లు గడిచినా వచ్చినవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. అమెరికాలో మిషన్ సభ ఈ తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని ఒకసారి కాదు, మళ్లీమళ్లీ చర్చించింది. 1853లో ఆల్బనీలో ఆ చర్చ జరిగినప్పుడే, పటంలో ఒక్క చుక్కగా మిగిలిన ఈ మిషన్‌కు "ఒంటరి నక్షత్రం" అన్న పేరు స్థిరపడింది. డే అదే ఏడు ఆరోగ్యం చెడి అమెరికా వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. ఆయన తర్వాత నెల్లూరులో మిగిలిన లైమన్ జ్యూయెట్ 1854 జనవరి 1న తెల్లవారుజామున భార్యతోనూ మరి కొద్దిమంది తెలుగు విశ్వాసులతోనూ ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థన చేశాడు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటాం. 1862లో ఆయన అమెరికా వెళ్లినప్పుడు మళ్లీ మూసివేత మాట వచ్చింది. మీరు మూసినా నేను ఒంటరిగానైనా వెళ్లి అక్కడే చస్తానని ఆయన మొండికేశాడు. అప్పుడు వెంట వచ్చినవాడే జాన్ క్లౌ. 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు.

ఆ తర్వాతి అంకె అందరికీ నోటికి వచ్చు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం. కానీ దానికి ముందు జరిగింది మీకు ముఖ్యం. 1876 నుంచి 78 దాకా భయంకరమైన కరువు. క్లౌ బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. చేరతామని జనం గుంపులుగా వచ్చినా, కూలి కోసం, గంజి కోసం చేరుతున్నారేమోనని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సాయం ముగిశాకే తిరిగి మొదలుపెట్టాడు. ఆ నెలల్లో ఆయన రిపోర్టులో బాప్తిస్మాల లెక్క సున్నాయే. ఆ సున్నా చూసి కంగారుపడి ఉంటే ఏమయ్యేది?

అయితే ఒక హెచ్చరిక. ఓపిక పడితే మీకూ 2,222 వస్తారని నేను చెప్పడం లేదు. అలా చెప్పేవాళ్లను నమ్మకండి. డే ఆ గుండ్లకమ్మ రోజును చూడలేదు. ఆ ఫలితం ఎప్పటికీ రాకపోయి ఉంటే నెల్లూరులో ఆయన గడిపిన ఏళ్లు వృథా అయ్యేవా? కావు అన్నదే నా అభిప్రాయం. దేవుడు మనకు పంట చూపించి తీరాలన్న షరతుతో చేసే స్తోత్రం బేరం అవుతుంది.

దేనికి చెప్పాలంటారా? మానేసిన ఆ రెండు కుటుంబాలు మిమ్మల్ని ఇంటికి రానిస్తున్నాయా? అయితే వెళ్లండి, కూర్చోండి, పిల్లల చదువు అడగండి, వాళ్లు పెట్టింది తినండి. రాత్రికి వాళ్ల పేర్లు చెప్పి దేవునికి కృతజ్ఞత చెప్పండి. వాళ్లు సభ్యులైతేనే మీ కృతజ్ఞతకు తగినవాళ్లా?

*

ప్రశ్న: మేము ఒక చిన్న గిరిజన భాషలోకి సువార్తను అనువదిస్తున్నాం. బస్సులో ల్యాప్‌టాప్ బ్యాగు కొట్టేశారు. చాలా నెలల పని పోయింది. మా టీమ్‌లో ఒకరు "దేవుడే తీసుకున్నాడు, మంచికే" అన్నారు. నాకు కోపం వచ్చింది.
— ఒక అనువాదకుడు

జవాబు: కోపం రావడం సహజం. దొంగ తీసుకున్నదానికి దేవుని పేరు పెట్టడంలో తొందరేమీ లేదు. 1812 మార్చి 11న సీరాంపూర్‌లో విలియం కేరీ అచ్చుకూటం తగలబడింది. కాగితం, అక్షరాలు, ఏళ్ల తరబడి రాసిన రాతప్రతులు బూడిదయ్యాయి. మన తెలుగు వ్యాకరణం రాతప్రతి కూడా అందులోనే పోయింది. కేరీ అప్పుడు కలకత్తాలో ఉన్నాడు. కబురు విని ఏడ్చాడు. ఆయన ఇక్కడ దేవుని చెయ్యి ఉందని కూడా అన్నాడు, అది నిజమే. కానీ సహచరులు బూడిద తవ్వి, అక్షరాలు పోతపోయడానికి కావలసిన ఉక్కు పంచ్‌లు చెడకుండా ఉన్నాయని కనిపెట్టి, వెంటనే కొత్త అక్షరాలు పోయడం మొదలుపెట్టారు. తెలుగు వ్యాకరణం మళ్లీ రాసి 1814లో అచ్చువేశారు. మీరూ రాయండి. ఇకనుంచి రోజూ పని ఆపేముందు ఇంకోచోట కాపీ దాచండి. అది విశ్వాసం లేకపోవడం కాదు.

*

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు విదేశంలో సేవలో ఉన్నారు. అక్కడే కాన్పయింది, బిడ్డ దక్కలేదు. ఇక్కడ చుట్టాలు ఏదో పాపం ఉంటుందంటున్నారు. ఫోన్‌లో మా అమ్మాయి ఏడుస్తుంటే "దేవుడు ఇచ్చాడు, దేవుడు తీసుకున్నాడు, స్తోత్రం చెప్పు తల్లీ" అంటున్నాను. తను ఫోన్ పెట్టేస్తోంది.
— ఒక తల్లి, భీమవరం

జవాబు: అమ్మా, ఆ మాట యోబు తన గురించి తాను అన్నది. అతని దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏం చేశారో చూడండి. ఏడు రోజులు నేలమీద కూర్చున్నారు, ఒక్కమాట మాట్లాడలేదు. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే, నోరు తెరిచాక అంతా చెడిపోయింది.

పాపం అన్నవాళ్లకు యోహాను 9వ అధ్యాయం చూపించండి. గుడ్డివాడిని చూసి శిష్యులు అదే అడిగారు, యేసు కాదన్నాడు.

ఫోన్ చేసినప్పుడు స్తోత్రం చెప్పమనకండి. బిడ్డకు ఏం పేరు అనుకున్నారో అడగండి. తను ఏడిస్తే మీరూ ఏడవండి. పాస్‌పోర్టు ఉండి, వీసా దొరికి, చేతిలో డబ్బుంటే వెళ్లి నెల ఉండి రండి. వంట చేసి పెట్టండి. తిరిగి వచ్చేయమని మీరు చెప్పకండి, ఉండమనీ చెప్పకండి. బాలింత ఒంట్లో హార్మోన్లు మారుతుంటాయి, దుఃఖం కూడా ఉంది, ఈ నెలల్లో అంత పెద్ద నిర్ణయం వాళ్లు తీసుకోకపోవడమే మంచిది. దేవునికి మీ అమ్మాయి ఏం చెప్పుకుంటుందో అది తనకూ దేవునికీ మధ్య సంగతి.

*

ప్రశ్న: నేను నర్సును. మిషన్ ఆస్పత్రిలో పనిచేయడానికి రెండుసార్లు వీసాకు పెట్టాను, రెండుసార్లూ తిరస్కరించారు. దేవుడు తలుపు మూశాడని అనుకోవాలా?
— కర్నూలు

జవాబు: ఆ తలుపు మూశాడో లేదో గానీ, మిమ్మల్ని వద్దన్నాడని అనుకోకండి. పౌలు ఆసియకు వెళ్దామంటే ఆత్మ ఆపాడు, బితూనియకు వెళ్దామంటే ఆపాడు, చివరికి త్రోయలో మాసిదోనియ కబురు అందింది. కేరీ మొదట తాహితీ దీవుల గురించి కలలుగన్నాడు, బెంగాల్‌కు వచ్చాడు. జడ్సన్ ఇండియాకని వస్తే ఈస్టిండియా కంపెనీ ఉండనివ్వక బర్మా పోయాడు. లివింగ్‌స్టన్ చైనాకు వెళ్లాలనుకుంటే నల్లమందు యుద్ధం అడ్డొచ్చి ఆఫ్రికా వెళ్లాడు.

తిరస్కరణ ఉత్తరం నిదానంగా చదవండి, ఏ కాగితం లోపించిందో ఆ ఆస్పత్రివాళ్లనే అడగండి. టూరిస్టు వీసా మీద వెళ్లి అక్కడ పనిచేసుకోవచ్చులే అని ఎవరైనా అంటే వినవద్దు. ఈలోగా ఇక్కడి ప్రభుత్వాసుపత్రిలోనో, ఊళ్లోనో రోగుల్ని చూస్తూ ఉండండి. ఆ పనికి వీసా అక్కర్లేదు.

*

ప్రశ్న: మా సంఘం పంపిన మిషనరీ అనారోగ్యంతో మధ్యలోనే తిరిగివచ్చారు. ఒప్పందం మూడేళ్లకు, ఆయన ఉన్నది ఏడాదిన్నర. కమిటీలో కొందరు వచ్చే నెల నుంచి సహాయం ఆపేద్దామంటున్నారు. కొందరు ముందు ఆయన చేత సంఘంలో వివరణ ఇప్పించాలంటున్నారు. కోశాధికారిగా నేను ఏం చేయాలి?
— హైదరాబాద్

జవాబు: అయ్యా, ఈ ఉత్తరాన్ని మొదటి ఉత్తరం పక్కన పెట్టి చదవండి. గుంటూరు సహోదరి ఇంట్లో మాట ఎందుకు ఆగిపోయిందో మీకు తెలుస్తుంది.

ఎపఫ్రొదితు అనే మనిషిని ఫిలిప్పీ సంఘం పౌలు దగ్గరికి పంపింది. కానుక మోసుకెళ్లాడు, పౌలుకు సేవ చేయడానికి ఉన్నాడు. అక్కడ జబ్బుపడి చావు దాకా వెళ్లాడు. తన జబ్బు సంగతి సంఘానికి తెలిసిపోయిందని మథనపడ్డాడు. పౌలు అతన్ని వెనక్కి పంపించేశాడు. మన కమిటీల లెక్కలో అతడూ మధ్యలో వచ్చేసిన మిషనరీయే. పౌలు అది ముందే ఊహించినట్టున్నాడు. అందుకే సంఘానికి ముందుగా రాశాడు: ఇతన్ని సంతోషంగా చేర్చుకోండి, ఇలాంటివాళ్లను గౌరవించండి అని. వివరణ అడగమని ఎక్కడా లేదు. తన సహచరుడు త్రోఫిము జబ్బుపడితే మిలేతులో వదిలి వచ్చానని కూడా పౌలు మామూలుగా రాశాడు, అది అతని లోపమన్నట్టు కాదు.

కాబట్టి కనీసం ఆరు నెలలు పూర్తి సహాయం ఇవ్వండి. వైద్య ఖర్చు సంఘానిది. పిల్లల బడి మధ్యలో చేరాలంటే ఫీజు అవుతుంది, అదీ చూడండి. మొదటి నెలల్లో ఆయన్ను వేదిక ఎక్కించకండి, రిపోర్టు అడగకండి. ఆయన తనంతట తాను మాట్లాడతానంటే వినండి, ఏడిస్తే ఆపకండి, "స్తోత్రం" అని మధ్యలో అందించకండి. ఆరు నెలల తర్వాత పని, జీతం, తిరిగి వెళ్లడం, వెళ్లకపోవడం, ఇవన్నీ నింపాదిగా కూర్చుని మాట్లాడుకోవచ్చు.

వచ్చే కమిటీ మీటింగులో ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయం 25 నుంచి 30 వరకు ఎవరిచేతనైనా చదివించి, ఆ తర్వాతే సహాయం సంగతి చర్చకు తీసుకోండి. ఈ నెల చెక్కు మాత్రం మీటింగు కోసం ఆగకుండా పంపించండి.